గిటార్ బాడీలో రౌటర్ దిగబడితే అతుకు వేసే విధానం

రౌటర్ అంటే తిరిగే బిట్‌తో చెక్కను తవ్వే కరెంటు మిషను. ముందు దాని ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. ఆ తర్వాత చీపురు పట్టుకోకండి. బిట్ గీత దాటి చెక్కలోకి దిగినప్పుడు అంతా పొట్టయిపోదు. అంచుల దగ్గర చెక్క పెళ్లలుగా ఊడి టేబుల్ కిందా, చెప్పుల కిందా పడుతుంది. అలాంటి పెళ్ల ఒక్కటి దొరికినా ఊడిన చోటే ఫెవికాల్ రాసి కూర్చోబెట్టి టేపుతో బిగించొచ్చు, సగం పని తప్పుతుంది. అంతకంటే బాగా కలిసే ముక్క ఏ టింబర్ డిపోలోనూ దొరకదు. కింద పడ్డవన్నీ ఏరి డబ్బాలో వేసుకుని, అప్పుడు గుంట వైపు చూడండి.

నాది సికింద్రాబాద్‌లో వడ్రంగం షెడ్డు. తలుపులు, వంటింటి అరలు కూడు పెడతాయి, గిటార్లు ఇష్టం కొద్దీ చేస్తాను. మొన్నామధ్య మా స్నేహితుడి కొడుకు ఒక బాడీ చంకలో పెట్టుకుని వచ్చాడు. స్ట్రాటోకాస్టర్ ఆకారం, మహాగని, రెండు పలకలు నడిమధ్య అతికినది, మందం 44 మి.మీ. కోత శుభ్రంగా ఉంది, అంచులు గుండ్రం తిప్పిన తీరూ బాగుంది. బ్రిడ్జి దగ్గర, అంటే తీగలు బాడీ మీద ఆనే చోట, హంబకర్ పికప్ కోసం కేవిటీ తవ్వుతున్నాడు. పికప్ అంటే తీగల మోతను పట్టే భాగం, కేవిటీ అంటే అది కూర్చునే గూడు. బిట్‌కు దారి చూపే అచ్చు టెంప్లేట్, దాని కింది డబుల్ టేపు వదిలేసింది. టెంప్లేట్ జరిగింది, దాన్ని ఆనుకుని తిరిగే బిట్ కూడా దానితోపాటే పోయింది. సన్న తీగల వైపు గోడ పక్కన 30 మి.మీ. పొడవు, 14 వెడల్పు, 9 లోతున గుంట పడింది.

"బాబాయ్, ఎం-సీల్ పెట్టి పైన రంగేసేస్తే?" అన్నాడు.

"ఎం-సీల్ నీళ్ల పైపుకిరా. నీ పికప్ చుట్టూ బిగించే రింగు స్క్రూలు రెండు సరిగ్గా ఇక్కడే పడతాయి, అవి దేన్ని పట్టుకుంటాయి?" అన్నాను. పైగా వాడికి రంగు వద్దు, చెక్క కనపడేలా పాలిష్ కావాలి. అప్పుడు లప్పం గురించి ఆలోచించడమే దండగ.

గుంట ఎక్కడ పడింది?

పనంతా దీన్ని బట్టే ఉంటుంది. కొన్ని చోట్ల పడిన గుంటకు వైద్యమే అక్కర్లేదు. స్ట్రాట్‌లో, అంటే స్ట్రాటోకాస్టర్‌లో, పిక్‌గార్డ్ అనే ప్లాస్టిక్ పలక ముందువైపు చాలా భాగాన్ని కప్పేస్తుంది. ఇంకో మోడల్ టెలీకాస్టర్‌లో బ్రిడ్జి ప్లేటు, కంట్రోల్ ప్లేటు కప్పుతాయి. వెనకవైపు స్ప్రింగుల మూత ఉంటుంది. మీ దగ్గరున్న ప్లేట్లు, గార్డు, రింగులు అన్నీ తెచ్చి బాడీ మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. గుంట ఆ గీత లోపలే ఉండి, అక్కడ స్క్రూ ఏదీ పడకపోతే వదిలేయండి. "మరి సౌండు?" అని అడుగుతారు. ఫెండర్ కంపెనీ 1968లో టెలీకాస్టర్ థిన్‌లైన్ అని బాడీ లోపల కావాలనే ఖాళీలు వదిలి అమ్మింది. మూడు పికప్‌ల చోటినీ కలిపి ఒకే పెద్ద తొట్టిలా తవ్విన స్ట్రాట్‌లు బోలెడు ఉన్నాయి, వాటిని స్విమ్మింగ్ పూల్ రౌట్ అంటారు. బొటనవేలంత గుంటకు సౌండు మారిందని నాకు ఎవరైనా కళ్లు మూసుకుని విని చెబితే అప్పుడు నమ్ముతాను.

మెడ కూర్చునే పాకెట్‌లోనో, ట్రెమోలో బ్రిడ్జి (కడ్డీతో కదిలే బ్రిడ్జి) స్టడ్‌లు దిగే చోటో పడితే మాత్రం కప్పున్నా సరే, అతుకు వేయాల్సిందే. మామూలు 10-46 (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) సెట్ తీగలు ట్యూన్ చేస్తే అన్నీ కలిపి 45 కిలోల పైనే లాగుతాయి. ఆ లాగుడంతా ఈ రెండు చోట్లే పడుతుంది. ఇక పైకి కనిపించే చోట, పాలిష్ కింద పడ్డ గుంట సంగతి. మా వాడిది అదే. చెబితే అన్నిటికంటే కష్టమైన దీని గురించే చెప్పాలి, మిగతావి ఇందులోంచే వస్తాయి.

ముందు బిళ్ల, తర్వాత గుంట

రౌటర్ చేసిన గుంటకు ఒక తీరంటూ ఉండదు. ఒకవైపు గుండ్రం, ఒకవైపు చీలిక, అడుగున మెట్లు. దానికి సరిపడే ముక్క కోయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ముక్కను మనకు నచ్చిన ఆకారంలో శుభ్రంగా చేసుకుని, దానికి సరిపడేలా గుంటనే పెద్దది చేయాలి. బాగున్న చెక్కను ఇంకా తవ్వమంటే మొదట ఎవరికీ చేతులు రావు. మా వాడి మొహం చూడాల్సింది.

బిళ్లకు, అంటే ఆ అతుకు ముక్కకు, చెక్క ఎక్కడిది? అదే బాడీ కోసినప్పుడు మిగిలిన ముక్క. కొమ్ముల మధ్య, నడుము దగ్గర కోసి పారేసే ముక్కలను గిటార్‌కు తీగలు ఎక్కేదాకా దాచుకోవాలి. మా వాడు దాచాడు, ఆ ఒక్క విషయంలో మెచ్చుకున్నాను. అవి లేకపోతే అదే జాతి చెక్క వెతుక్కోవాలి. డిపోలో పొడి ముక్క రంగు చూసి తీసుకోకండి. బాడీనీ ముక్కనూ రెండింటినీ స్పిరిట్‌తో తుడవండి. తడి ఆరే లోపు కనిపించేదే పాలిష్ పడ్డాక వచ్చే రంగు. పొడిగా ఉన్నప్పుడు కవలల్లా ఉన్న ముక్కలు తడిస్తే ఒకటి ఎరుపు, ఒకటి గోధుమ రంగు తేలడం మామూలే.

రంగు కలిస్తే సరిపోదు, గ్రెయిన్, అంటే చెక్క పోగుల వరుస, కూడా కలవాలి. గీతలు బాడీ గీతలతో ఒకే దిశలో పోవాలి. ముక్క పక్కకోతలో కనిపించే వలయాలు కూడా బాడీ వలయాల మాదిరే వాలి ఉండాలి. మహాగనిలో ఇంకో తిరకాసు ఉంది. దాని పోగులు ఒక వైపు నుంచి చూస్తే మెరుస్తాయి, ఇంకో వైపు నుంచి చూస్తే నల్లగా కనిపిస్తాయి. బిళ్లను తల కిందులుగా తిప్పి పెట్టారనుకోండి, గీతలన్నీ కలిసినా సరే, గిటార్ కదిపినప్పుడల్లా ఆ ముక్క ఒక్కటీ వేరే రంగులో కనిపిస్తుంది. ముక్కను బాడీ మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడి అటూ ఇటూ వంచి చూడండి. రెండూ కలిసి మెరిసి, కలిసి మందగించే దిశ దొరికాక బాణం గుర్తు వేసుకోండి.

ఇక ఆకారం. చదరపు బిళ్ల పెట్టకండి. గ్రెయిన్‌తో పాటు పోయే అతుకు గీత గీతల్లో కలిసిపోతుంది, గ్రెయిన్‌కు అడ్డంగా పడిన గీత మాత్రం ఎంత బిగుతుగా కుదిరినా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే బిళ్ల పొడుగ్గా, రెండు కొసలూ మొనదేరి పడవలా ఉండాలి. అప్పుడు అడ్డగీతే ఉండదు, అన్నీ వాలుగీతలే. మా వాడి గుంట కేవిటీ గోడను ఆనుకుని ఉంది కనుక ఇంకో సుఖం కలిసొచ్చింది. లోపలి అంచును కేవిటీలోకే పోనిచ్చేస్తే ఆ వైపు చాలా మటుకు గీతే ఉండదు. పడవలో సగమే చేశాం. పొడవు 70, నడుమ వెడల్పు 18 మి.మీ. అందులోనూ కొంత మేర రింగు కింద దాక్కుంటుంది.

మందం సంగతి: గుంట లోతు 9 కాబట్టి అడుగు చదును చేయడానికి 10కి దింపాలి. బిళ్ల 12 ఉండాలి, అంటే పైకి 2 మి.మీ. లేచి ఉండాలి. బిళ్ల పక్క అంచులను చిత్రికతో ఒక్క పిసరు లోపలికి వాలుగా పట్టండి, పై ముఖం అడుగు ముఖం కంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉండేలా. అలా చేస్తే బిళ్ల కిందికి దిగే కొద్దీ పై అంచు బిగుసుకుంటుంది. ఎక్కువ వాలిస్తే సగం దారిలోనే ఇరుక్కుంటుంది. చిత్రిక రెండు లాగుళ్లు చాలు.

బిళ్ల తయారయ్యాక దాన్ని గుంట మీద సరిగ్గా పెట్టి, కదలకుండా రెండు చుక్కలు ఫెవిక్విక్ గానీ డబుల్ టేపు గానీ వేయండి. చుట్టూ పెన్సిల్‌తో కాదు, పదునైన కత్తి మొనతో గీయాలి. పెన్సిల్ గీతకు అర మిల్లీమీటరు మందం ఉంటుంది, ఆ గీత లోపలి అంచా బయటి అంచా అని చేతికి తెలియదు. కత్తి కోసిన గాటులో ఉలి మొన తనంతట తానే కూర్చుంటుంది. మొదటిసారి తేలిగ్గా, రెండోసారి కాస్త గట్టిగా గీయండి. గ్రెయిన్ వెంట కత్తి పక్కదారి పట్టాలని చూస్తుంది, అక్కడ తొందరపడొద్దు.

బిళ్ల తీసేసి, 6 మి.మీ. బిట్‌తో ట్రిమ్మర్‌ను (చిన్న రౌటర్‌ను) కత్తిగాటుకు ఒకటిన్నర మి.మీ. లోపలే ఆపుతూ అడుగు చదును చేయండి. గుంట పడిన చెక్క మీదే మళ్లీ ట్రిమ్మర్ పెట్టడానికి భయం వేస్తే ఉలి ఒక్కదానితోనే చేయొచ్చు, గంట ఎక్కువ పడుతుందంతే. చివరి ఒకటిన్నరా ఉలి పనే. ఉలిని నిటారుగా పట్టి, సుత్తి లేకుండా, భుజం బరువుతో కొద్దికొద్దిగా చెక్కండి. ఉలి మీ ముంజేతి వెంట్రుకలు గీసేంత పదునుగా లేకపోతే ముందు సానరాయి దగ్గరికి వెళ్లండి. మొద్దు ఉలి మహాగనిని కోయదు, నలుపుతుంది. నలిగిన అంచు అతికాక నల్లగా కనిపిస్తుంది.

ఎక్కడ తగులుతోందో తెలియకపోతే బిళ్ల పక్క అంచులకు మెత్తటి పెన్సిల్ రుద్ది పెట్టి తీయండి, తగిలిన చోట గుంట గోడకు మసి అంటుతుంది. ఆ మసి వరకే గీకాలి.

జిగురు, బరువు, ఓపిక

ఫెవికాల్ ఎస్‌హెచ్ చాలు. టైట్‌బాండ్ ఉంటే అదీ మంచిదే. ఆరల్‌డైట్ ఇక్కడ అనవసరం, కుదురు బాగున్న చెక్కకు దాని అవసరం రాదు. అన్ని వైపులా మూసుకున్న గుంటలో బిగుతు బిళ్ల దించేటప్పుడు జిగురు ఎక్కువైతే బయటికి పోయే దారి లేక బిళ్లను దిగనివ్వదు. అడుగునా గోడలకూ బ్రష్‌తో పలచగా రాస్తే సరిపోతుంది.

బాడీ నడిమధ్యకు మామూలు సి-క్లాంపు అందదు. ఒక గట్టి రీపరు తీసుకుని దాని అడుగు ముఖం నడుమ రెండు మి.మీ. ఉబ్బుగా ఉండేలా చిత్రిక పట్టండి. ఉబ్బు బిళ్ల మీద పడేలా బాడీకి అడ్డంగా పెట్టి, రెండు కొసల్లో క్లాంపులు బిగిస్తే ఒత్తిడంతా నడుమనే పడుతుంది. మధ్యలో పాలిథిన్ ముక్క పెట్టడం మరవకండి, లేకపోతే రీపరు కూడా గిటార్‌లో భాగమైపోతుంది. క్లాంపులు లేకపోతే ఇంట్లో పాత రుబ్బురోలు పొత్రం ఉంటుంది కదా, అది పెట్టండి.

మర్నాటికి జిగురు పట్టేస్తుంది. అయినా అప్పుడే చదును చేయకండి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి, అతుకు చుట్టూ చెక్క ఆ నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఉబ్బి ఉన్నప్పుడే సమం చేసి పాలిష్ వేసేస్తే, తర్వాత ఆ నీరు ఆరి చెక్క కుంగుతుంది, అతుకు గీత వెంట సన్నని పల్లం తేలుతుంది. వెలుతురు ఏటవాలుగా పడితే అద్దంలా పాలిష్ చేసిన బాడీ మీద అది బాగా కనిపిస్తుంది. వేసవిలో మూడు నాలుగు రోజులు, ముసురు పట్టినప్పుడు వారం ఆగండి. మా వాడికి సెమిస్టర్ సెలవులు అయిపోతున్నాయని తొందర. బాడీని నా దగ్గరే పెట్టుకుని వాణ్ని ఇంటికి పంపేశాను.

లేచి ఉన్న రెండు మి.మీ.లో చాలా భాగం చిన్న చిత్రికతో, బయటి నుంచి బిళ్ల నడుమకు వచ్చేలా తీయండి. లోపలి నుంచి బయటికి తోస్తే అంచు చీలుతుంది. చివరి పొర స్క్రేపర్‌తో. ఆ తర్వాత గరుకు కాగితం 120, 180, 240 వరుసగా, చెక్క దిమ్మకు చుట్టి మాత్రమే. వేళ్లతో రుద్దితే అతుకు దగ్గర పల్లం పడుతుంది. బిళ్ల మీదే కాకుండా జానెడు మేర చుట్టూ కలుపుకుని రుద్దాలి.

ఎక్కడైనా వెంట్రుకంత సందు మిగిలితే? ఫెవికాల్‌లో పొట్టు కలిపి కూరడం మన దగ్గర అలవాటు. పాలిష్ పడ్డాక అది మచ్చలా తేలుతుంది, ఎందుకంటే జిగురు నిండిన చోట రంగు పట్టదు. ఫెవిక్విక్ పలచగా ఉండి సందులోంచి పక్క చెక్కలోకి పాకుతుంది, అదీ మరకే. ముందు ఆ చుట్టుపక్కల లక్క పాలిష్ ఒక పూత వేసి ఆరనిచ్చి, తర్వాత ఫెవిక్విక్, అదే చెక్క మెత్తటి పొడి వేస్తే మరక ఆగుతుంది. మహాగనికి సూక్ష్మ రంధ్రాలు ఎక్కువ కాబట్టి ఎలాగూ మొత్తం బాడీకి గ్రెయిన్ ఫిల్లర్ పట్టించాలి. కాస్త ముదురు రంగు ఫిల్లర్ వాడితే అతుకు గీతను కూడా ఆ రంధ్రాల్లో ఒకటిగా కలిపేస్తుంది.

సందు పెద్దదైతే అదే జాతి చెక్కలోంచి పల్చటి చీలిక తీసి జిగురు రాసి దిగ్గొట్టండి. చెక్కలో పడ్డ ఖాళీకి చెక్కే పెట్టడం నామోషీ పనేం కాదు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టిన రెడ్ స్పెషల్ గిటార్ మెడ, పాత నిప్పుగూడు చట్రం నుంచి తీసిన మహాగని. అందులో పురుగు తొలిచిన రంధ్రాలకు వాళ్లు అగ్గిపుల్లలు దిగ్గొట్టారు. ఆ గిటార్ నేటికీ ఆయన చేతిలో ఉంది.

బాడీ సమం అయ్యాక టెంప్లేట్ మళ్లీ పెట్టి కేవిటీలోకి పొడుచుకొచ్చిన బిళ్ల భాగాన్ని ట్రిమ్ చేయాలి. ఈసారి డబుల్ టేపు ఒక్కదాన్నే నమ్మకండి. టేపు వేసే ముందు రెండు వైపులా పొట్టు లేకుండా తుడిచి, పైన రెండు క్లాంపులు కూడా వేయండి. కేవిటీ లోపల ట్రిమ్మర్‌ను గడియారం ముల్లు తిరిగే వైపే నడపాలి, లోతు ఒక్కో విడతకు 3 మి.మీ. మించొద్దు. బిట్ పూర్తిగా ఆగాకే పైకి ఎత్తాలి. ఇంకొకటి, మన ఊళ్లలో ముఖ్యం: మధ్యలో కరెంటు పోతే స్విచ్ ఆపి పక్కన పెట్టండి. ఆన్‌లో వదిలేసిన ట్రిమ్మర్ కరెంటు రాగానే టేబుల్ మీద తనంతట తాను పరుగెత్తుతుంది.

మిగతా చోట్లు

మెడ పాకెట్ వెడల్పు ఎక్కువైతే గోడ పొడవునా, పై నుంచి కింది దాకా వెనీర్ (కాగితంలా పలచటి చెక్క) పట్టీ అతికించి మళ్లీ కోయండి. లోతు ఎక్కువైతే అడుగంతా పరుచుకునే పలచటి చెక్క వేయాలి. విజిటింగ్ కార్డు ముక్క మడిచి ఒక మూల పెట్టేవాళ్లు ఉన్నారు. దాంతో మెడ వాలు మారుతుంది, ఆ పని మెడ వాలు మార్చాలనుకున్నప్పుడు చేసుకోవచ్చు.

స్టడ్ రంధ్రం తప్పు చోట పడితే, లేదా పెద్దదైతే, హార్డ్‌వేర్ షాపులో దొరికే గుండ్రటి డోవెల్ కొట్టకండి. దాని పోగులు నిలువుగా ఉంటాయి, స్క్రూ పోగుల కొసల్లోకి దిగితే పట్టు తక్కువ. ప్లగ్ కట్టర్ బిట్‌తో పలక ముఖం నుంచి బిళ్ల తీసి, గ్రెయిన్ బాడీ గ్రెయిన్‌తో కలిసేలా దింపండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే ఆ బిట్ దొరుకుతుంది.

వెనక నుంచి కంట్రోల్ కేవిటీ తవ్వుతూ ముందు ముఖం దాకా చిల్లు పడిందనుకోండి. లోపలివైపు 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క చిల్లు కంటే బాగా పెద్దదిగా అతికించి ఆధారం చేసుకోవాలి, తర్వాత ముందు నుంచి పైన చెప్పిన బిళ్లే. ఇదంతా చేసే ముందు వాల్యూమ్ నాబ్ తెచ్చి చిల్లు మీద పెట్టి చూడండి. కాస్త జరిపితే నాబ్ కిందే కప్పుకుపోయే అవకాశం ఉంటే పాట్‌ను (నాబ్ తిప్పే కంట్రోల్‌ను) అక్కడికే మార్చేయొచ్చు.

బాడీ టేకుదైతే ఒక జాగ్రత్త: టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. అతికించే ముఖాలను థిన్నర్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు రాయండి, గంటలు గడిస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది. వీణలు చేసే పనస చెక్కతో గిటార్ బాడీ చేసిన వాళ్లు వస్తే నాకు సంతోషం. ఉలి కింద బాగా నడుస్తుంది, కానీ పసుపు రంగు కాలం గడిచే కొద్దీ ముదురుతుంది. పాత పనస బాడీకి కొత్త పనస బిళ్ల పెడితే కొన్నాళ్లు తేడా కనిపిస్తుంది, రంగు కలపడానికి ప్రయత్నించకుండా దాన్ని ముదరనివ్వండి.

డూకో రంగు వేసే బాడీ అయితే గ్రెయిన్, రంగు గోల లేదు, కానీ చెక్క బిళ్ల అక్కర్లేదని కాదు. లోతున్న గుంటంతా టూకే పుట్టీతో నింపితే చెక్క వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుదించుకుపోతుంటే పుట్టీ మాత్రం అలాగే ఉంటుంది, రంగు మీద గుంట ఆకారం గీత కట్టి కనిపిస్తుంది. చెక్కతో నింపి, పైన గీతను కప్పడానికే పలచగా పుట్టీ లాగండి.

ఫినిష్ వేయకముందు చేయాల్సింది ఒకటుంది, చాలామంది వదిలేస్తారు. పచ్చి బాడీకే మెడ, బ్రిడ్జి, పికప్ రింగు బిగించి తీగలు ఎక్కించండి. రింగు స్క్రూలకు బిళ్లలో స్క్రూ లావు కంటే సన్నని డ్రిల్లుతో ముందే రంధ్రం చేసి, మొనకు కొవ్వొత్తి మైనం రాసి దింపండి, లేకపోతే కొత్త బిళ్ల చీలొచ్చు. ట్యూన్ చేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో అతుకు మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అన్నీ విప్పి పాలిష్‌కు వెళ్లొచ్చు. తట్టుకుంటే ఇంకో రెండు రోజులు ఆరనిచ్చి 240 కాగితంతో మళ్లీ ఒక వరస.